శిశు సంరక్షకుల ప్రథమ చికిత్స శిక్షణ: పరీక్షా ప్రమాణాల ప్రశ్న

ఆంధ్ర మహిళా సభ చరిత్రకు మూలం ఒక పరీక్ష. మద్రాసులో దుర్గాబాయి తెలుగు యువతులను కూడదీసి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నిర్వహించే మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారుచేయడానికి నడిపిన తరగతులే క్రమంగా పెరిగి 1937లో ఆ సంస్థగా రూపుకట్టాయి. చదువు చెప్పినది మద్రాసులోనైతే, పరీక్షించినది ఆ చదువుతో ఏ సంబంధమూ లేని దూరపు విశ్వవిద్యాలయం. కాబట్టి ఆ యువతుల ఉత్తీర్ణతకు గురువు మాట కంటే బలమైన సాక్ష్యం ఒకటి ఏర్పడింది. ఆ తరువాత 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్, మరుసటి ఏడాది నుంచి సంక్షేమ విస్తరణ పథకాల ద్వారా పల్లెలలో బాలవాడీలు నెలకొనడానికీ, 1958 నుంచి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు అందడానికీ కారకురాలయ్యారు. పసిపిల్లల సంరక్షణ, పెద్ద చదువులు లేని స్త్రీకి శిక్షణ, ఆ శిక్షణకు లోకం ఒప్పుకునే పరీక్ష అనే మూడు అంశాలనూ తన జీవితకార్యంలో కలిపినవారు ఆమె. ఆమె స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం ఆ మూడూ కలిసే చోటనే ఉన్న ఒక చిన్న విషయాన్ని, అంటే పిల్లలను కనిపెట్టుకుని ఉండే ఆయాకు, టీచరుకు ప్రథమ చికిత్స వచ్చునని తేల్చే పరీక్ష ఎలా ఉండాలన్న విషయాన్ని, హైదరాబాద్ తూర్పు భాగాన ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలను ముందుంచుకుని పరిశీలిస్తుంది.

ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రహదారి నగరంలోకి ప్రవేశించే ఎల్బీనగర్ కూడలి చుట్టూ నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచీ, కోస్తా జిల్లాల నుంచీ వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. తాత, నానమ్మ, అమ్మమ్మ ఊళ్లోనే ఉండిపోగా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో పసిబిడ్డను పగలంతా చూసుకునే బాధ్యత బయటివారి చేతికి వెళ్లక తప్పదు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు నడవడం మొదలైన తరువాత పని చేసే చోటికీ నివసించే చోటికీ మధ్య దూరం ఇంకా పెరగగలిగింది. మూసారాంబాగ్ నుంచి కొత్తపేట మీదుగా వనస్థలిపురం దాకా గల కాలనీలలో అంగన్‌వాడీ కేంద్రాలు, ప్రైవేటు ప్లే స్కూళ్లు, అపార్టుమెంట్లలో నడిచే డే కేర్‌లు, ఇళ్లలోనే బిడ్డను చూసుకునే ఆయాలు అనే నాలుగు రకాల సంరక్షణ పక్కపక్కనే కనిపిస్తుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అనాథ బాలల కోసం వెలసిన విక్టోరియా మెమోరియల్ హోమ్ ఇక్కడిదే. ఈనాడు ఒక మెట్రో స్టేషన్ ఆ పేరునే మోస్తున్నది. ఇతరుల పిల్లలను పెంచే పని ఈ నేలకు కొత్తది కాదు.

చట్టం ఈ విషయాన్ని ఎలా చూసిందో గమనిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 45వ సెక్షను ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలనీ, ఆ పెట్టె రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ప్రథమ చికిత్స సర్టిఫికెట్ గల వ్యక్తి అధీనంలో ఉండాలనీ, ఆ వ్యక్తి పని వేళల్లో ఎప్పుడూ అందుబాటులో ఉండాలనీ నిర్దేశించింది. అదే చట్టంలో మూడు సెక్షన్లు దాటగానే, 30 మందికి మించి స్త్రీలు పనిచేసే కర్మాగారంలో వారి పిల్లలకు శిశు సంరక్షణ గది, అంటే నేటి మాటలో క్రెష్, ఉండాలన్న నియమం వచ్చింది. యంత్రం పక్కన నిలిచే పెద్దవాడికి సర్టిఫికెట్ గల చేయి తోడుండాలని అంత స్పష్టంగా గుర్తించిన రోజుల నుంచీ, పొత్తిళ్లలోని బిడ్డకు అదే చేయి అంతకంటే అవసరమన్న ఆలోచన మన నిబంధనలలో అంతే పదునుగా ఎన్నడూ రూపుకట్టలేదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆరోగ్య పరీక్ష, టీకాలు, ఆసుపత్రికి సిఫారసు వంటి సేవలను అంగన్‌వాడీ పరిధిలోకి తెచ్చింది. 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు క్రెష్‌ను తప్పనిసరి చేసింది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం ప్రైవేటు ప్లే స్కూళ్లకు మార్గదర్శకాలు రూపొందించి, 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలన్నది. ఇవన్నీ అవసరమైనవే. అయితే తనిఖీకి వచ్చిన అధికారి గోడకు తగిలించిన పెట్టెను చూడగలడు, లోపల దూది, కట్టుగుడ్డ, ఓఆర్ఎస్ పొట్లాలు లెక్కపెట్టగలడు; ఆ పెట్టెను తెరిచే చేతికి ఏమి వచ్చునో తెలుసుకోవడానికి మాత్రం ఆయన దగ్గర సాధనమేదీ లేదు.

ఆ సాధనం పేరే మూల్యాంకనం. శిక్షణ పొందిన వ్యక్తి చేయవలసిన పనిని చేయగలదో లేదో తేల్చే పద్ధతి మూల్యాంకనమైతే, ఏ మేరకు చేస్తే చేయగలిగినట్టు లెక్క అని ముందుగానే గీసిన గీత ప్రమాణం. మంచి మూల్యాంకనానికి రెండు లక్షణాలుండాలని విద్యాశాస్త్రం చెబుతుంది. ఏ సామర్థ్యాన్ని కొలవదలచామో దానినే కొలవడం మొదటిది, దీనిని సప్రమాణత అంటారు. పరీక్షకుడు మారినా, కేంద్రం మారినా ఒకే పనికి ఒకే ఫలితం రావడం రెండవది, అది విశ్వసనీయత. సరైన జవాబుకు టిక్కు పెట్టే రాత పరీక్షకు విశ్వసనీయత ఎక్కువ, ఎందుకంటే జవాబు పత్రాన్ని ఎవరు దిద్దినా మార్కులు మారవు. అయితే ప్రథమ చికిత్స విషయంలో దాని సప్రమాణత బహు స్వల్పం. ఊపిరాడని బిడ్డ వీపు మీద ఎన్నిసార్లు చరచాలన్న ప్రశ్నకు సరైన గడిలో టిక్కు పెట్టడం వేరు, బిడ్డను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల ఛాతీ కంటే కిందికి ఉండేలా దవడను పట్టుకుని, భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో చరచడం వేరు.

అమెరికన్ వైద్య విద్యావేత్త జార్జ్ మిల్లర్ 1990లో ఈ తేడాను నాలుగు మెట్లుగా వివరించాడు: తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, నిజమైన పనిలో చేయడం. దిల్‌సుఖ్‌నగర్ గురించి తెలిసినవారికి ఈ మెట్ల భేదం వేరే చెప్పనక్కరలేదు. ఉద్యోగ పరీక్షల కోచింగ్ సెంటర్లకు తెలుగు రాష్ట్రాలంతటా పేరుపడిన ఈ పేటలో మోడల్ పేపర్లు, మాక్ టెస్టులు, ర్యాంకుల ఫ్లెక్సీలు దైనందిన దృశ్యాలు. ఇక్కడి పరీక్షా సంస్కృతి అంతా మొదటి రెండు మెట్ల మీదే కట్టినది. ఆ సంస్కృతిలో పెరిగినవారు ప్రథమ చికిత్సకూ అలాంటి పరీక్షనే ఊహించుకోవడంలో ఆశ్చర్యం లేదు: గంట సేపు స్లైడ్లు, చివర ఇరవై ప్రశ్నలు, సాయంత్రానికి ఫోనుకు సర్టిఫికెట్. దానిని హాజరు పత్రం అనవచ్చు. సామర్థ్య పత్రం అనడానికి వీలులేదు. స్కాట్లాండులోని డండీలో రొనాల్డ్ హార్డెన్ 1975లో ప్రవేశపెట్టిన వైద్య పరీక్షా విధానం మూడవ మెట్టును కొలిచే మార్గం చూపింది. అభ్యర్థి ఒక్కొక్క బల్ల దగ్గరికీ వెళ్లి, అక్కడ ఇచ్చిన పనిని నిర్ణీత నిమిషాలలో చేసి చూపాలి. పరీక్షకుడు ముందే రాసుకున్న మెట్ల పట్టికలో ఏది చేసినదీ, ఏది వదిలినదీ గుర్తిస్తాడు. వైద్య కళాశాలలలో ఇప్పుడు మామూలైపోయిన ఈ పద్ధతిని అంగన్‌వాడీ ఆయా స్థాయికి దించడానికి బల్లలు తగ్గించాలే గాని సూత్రం మార్చనక్కరలేదు.

ఇక ఏది పరీక్షించాలన్న ప్రశ్న. పెద్దల ప్రథమ చికిత్సను కొంచెం చిన్నది చేస్తే పిల్లల ప్రథమ చికిత్స అవుతుందన్నది విస్తారంగా ఉన్న అపోహ. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చిలో సీపీఆర్ శిక్షణను పెద్ద ఎత్తున తలపెట్టిన నాటి నుంచీ, గుండె ఆగినవాడి ఛాతీని రెండు చేతులతో నొక్కాలన్న సంగతి నగరంలో చాలామందికి తెలిసింది. ఇది మెచ్చదగిన మార్పు. భారతీయ పునరుజ్జీవన మండలి సామాన్య జనం కోసం రూపొందించిన విధానంలో నోటి ద్వారా శ్వాస ఇవ్వడం లేకుండా ఛాతీని నొక్కడం మాత్రమే ఉంటుంది. ఆ విధానం హఠాత్తుగా గుండె ఆగిపోయిన పెద్దలను ఉద్దేశించినది, వారికి అది సబబు. పసిపిల్లల సంగతి వేరు. వారిలో గుండె తనంతట తానుగా ఆగడం అరుదు. ముందు ఊపిరి ఆగుతుంది, రక్తంలో ప్రాణవాయువు తరిగిపోతుంది, ఆ తరువాత గుండె నిలుస్తుంది. గొంతులో అడ్డం పడినా, నీటి తొట్టెలో మునిగినా, తీవ్రమైన న్యుమోనియా వచ్చినా దారి ఇదే. కాబట్టి బిడ్డకు ఛాతీ నొక్కులతో పాటు శ్వాస కూడా ఇవ్వాలి: ఒక్కరే ఉన్నప్పుడు 30 నొక్కులకు 2 శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120 వేగం, ఛాతీ మందంలో మూడోవంతు లోతు, అంటే ఏడాది లోపు బిడ్డకు సుమారు 4 సెంటీమీటర్లు. నోరు, ముక్కు రెండింటినీ తన నోటితో కప్పి, బుగ్గల్లోని గాలి మాత్రమే ఊది, ఛాతీ లేస్తున్నదో లేదో చూడాలి. పెద్దల బొమ్మ మీద మాత్రమే నేర్చుకున్న స్త్రీకి ఇందులో చాలా భాగం రాదు.

నేర్చుకున్నది ఎప్పటిదన్న ప్రశ్న కూడా ఇక్కడే పుడుతుంది. ఏడాది లోపు బిడ్డకు ఛాతీని రెండు వేళ్లతో నొక్కాలని దశాబ్దాలుగా నేర్పుతూ వచ్చారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025 అక్టోబరులో ప్రకటించిన మార్గదర్శకాలలో ఆ పద్ధతిని తొలగించింది. వేళ్లు తగినంత లోతుకు నొక్కలేకపోతున్నాయన్నది కారణం. ఇప్పుడు ఒక చేతి మడమతో నొక్కడమో, రెండు చేతులతో బిడ్డ ఛాతీని చుట్టి రెండు బొటనవేళ్లతో నొక్కడమో చేయాలి. గొంతులో అడ్డం పడిన సందర్భంలో కూడా ఏడాది లోపు బిడ్డకు వీపు మీద 5 చరుపులు, ఛాతీ మీద అరచేతి మడమతో 5 నొక్కులు. ఏడాది దాటిన పిల్లలకు వీపు మీద 5 చరుపులు, పొట్ట మీద 5 నొక్కులు అని మార్గదర్శకాలు స్పష్టపరిచాయి. దీనిని బట్టి సర్టిఫికెట్ మీద తేదీతో పాటు ఏ సంవత్సరపు మార్గదర్శకాల ప్రకారం పరీక్ష జరిగిందో కూడా రాసి ఉండాలన్నది ఒక కనీస ప్రమాణంగా స్థిరపడుతుంది. ఖర్చు లేని ప్రమాణం ఇది.

అంతర్జాతీయ మార్గదర్శకం పని ఎలా చేయాలో చెబుతుంది గాని, ఏ సందర్భాలలో పరీక్షించాలో స్థానిక జీవితమే చెప్పాలి. గొంతులో అడ్డం పడేవాటి పట్టికలో పాశ్చాత్య పాఠ్యగ్రంథాలు హాట్‌డాగ్ ముక్కను ముందు రాస్తాయి. ఇక్కడ రాయవలసినవి పల్లీలు, వేయించిన శనగలు, సపోటా గింజలు, నేరేడు గింజలు, సీతాఫలం కాలంలో బండ్ల నిండా కనిపించే ఆ పండు గింజలు, ద్రాక్ష, అంగన్‌వాడీలో ఇచ్చే ఉడికిన గుడ్డులోని పొడి పచ్చసొన, బొమ్మల నుంచి ఊడివచ్చే నాణెం ఆకారపు బ్యాటరీలు. బ్యాటరీ మింగిన బిడ్డ దగ్గకపోవచ్చు, ఏడవకపోవచ్చు. కానీ అది అన్నవాహికలో చిక్కుకుంటే రెండు గంటలలోనే లోపలి పొరను కాల్చగలదు కాబట్టి వెంటనే ఆసుపత్రికి పంపాలి. గింజ అడ్డం పడి గట్టిగా దగ్గుతున్న బిడ్డను దగ్గనివ్వాలి. దగ్గు శబ్దం లేకుండా పెదవులు నీలంగా మారుతున్న బిడ్డకు వెంటనే చరుపులు మొదలుపెట్టాలి. ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించడమే అసలు నైపుణ్యం. కాబట్టి పరీక్షకుడు అభ్యర్థికి ‘ఊపిరాడడం లేదు’ అని చెప్పి చరుపులు చూపమనడం సగం పరీక్షే అవుతుంది. ‘బిడ్డ పల్లీలు తింటూ దగ్గడం మొదలుపెట్టింది’ అని మొదలుపెట్టి, కొంతసేపటికి ‘దగ్గు ఆగింది, శబ్దం రావడం లేదు’ అని మార్చి, అభ్యర్థి ఏ క్షణాన చేయి కదిపిందో చూడాలి. తొందరపడి ముందే చరచినా, ఆలస్యం చేసినా, నోట్లో కనిపించని వస్తువు కోసం వేలు పెట్టి గుడ్డిగా తడిమినా ఉత్తీర్ణత ఇవ్వకూడదు.

ఆ చివరి మాట మరొక పెద్ద విషయానికి దారి తీస్తుంది. ప్రథమ చికిత్స నేర్చుకోవడానికి వచ్చే స్త్రీ ఖాళీ చేతులతో రాదు. ఇంట్లో, వాడలో చూసిన చికిత్సలు ఆమె వెంట వస్తాయి. జ్వరంతో ఫిట్స్ వచ్చిన బిడ్డ చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ నలిపి ఉంచడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం. కాలిన చోట కాఫీ పొడి, టూత్‌పేస్టు, సిరా పూయడం. ఫినాయిలు తాగిన బిడ్డకు ఉప్పునీళ్లు పట్టించి కక్కించడం. కుక్క కరిచిన చోట కారమో సున్నమో అద్దడం. వీటిలో కొన్ని నిరపాయకరమైన కాలయాపన, కొన్ని ప్రత్యక్ష హాని. బోధకులు సాధారణంగా వీటిని ఎగతాళి చేసి దాటిపోతారు. ఎగతాళితో అలవాటు పోదు, పరీక్ష రోజున నోరు మూసుకుని ఆపద రోజున బయటికి వస్తుంది. కనుక చేయకూడనివాటిని విడిగా పరీక్షించడం మన ప్రాంతానికి అవసరమైన ప్రమాణం. పరీక్షా గదిలో బల్ల మీద టూత్‌పేస్టు, కాఫీ పొడి, పసుపు, నీళ్ల బక్కెట్టు అన్నీ పెట్టి, పప్పు గిన్నె ఒలికి చేయి కాలిన పిల్లవాడి కథ చెప్పి, అభ్యర్థి చేయి దేని మీదికి పోతుందో చూడాలి. పారే చల్లని నీటి కింద 20 నిమిషాలు ఉంచాలన్నది సరైన జవాబు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే బస్తీలో పారే నీరు లేనప్పుడు డ్రమ్ములోని నీటిని చెంబుతో పోస్తూ ఉండవచ్చునని ఆమెకే తోచాలి. 2023 ఫిబ్రవరిలో పక్కనే ఉన్న అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు మరణించిన తరువాత, కుక్కకాటు గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి టీకాకు పంపడమన్నది ఈ ప్రాంతపు పరీక్షలో ఐచ్ఛికాంశంగా మిగలడానికి వీలులేదు.

ఉత్తీర్ణతా గీతను ఎక్కడ గీయాలన్నది శాస్త్రీయంగా కనిపించినా నిజానికి నైతికమైన ప్రశ్న. మొత్తం మార్కులలో 60 శాతం వస్తే చాలునన్న పద్ధతిలో కట్టు కట్టడం, జ్వరం కొలవడం, ఓఆర్ఎస్ కలపడం బాగా వచ్చిన అభ్యర్థి బిడ్డకు శ్వాస ఇవ్వడం అసలు రాకపోయినా గట్టెక్కుతుంది. ఒక చోటి లోటును మరొక చోటి మార్కులు పూడ్చేస్తాయి. పదో తరగతి విద్యార్థి లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నా తెలుగులో 35 రాకపోతే ఉత్తీర్ణుడు కాడు. పదిహేనేళ్ల పిల్లవాడి చదువు విషయంలో ఒప్పుకోని పూడికను పసిబిడ్డ ప్రాణం విషయంలో ఒప్పుకోవడం తగదు. ఊపిరి లేని బిడ్డకు చేయవలసినది, గొంతులో అడ్డం పడినప్పుడు చేయవలసినది, స్పృహ లేకున్నా ఊపిరి ఉన్న బిడ్డను పక్కకు తిప్పి ఉంచడం, ఈ మూడింటిలో ప్రతి ఒక్కటీ విడిగా నెగ్గాలి. మిగిలినవాటిలో సగటు చూడవచ్చు.

బయటి దేశాలలో ఇది ఎలా ఉన్నదో క్లుప్తంగా చూడవచ్చు. ఆస్ట్రేలియాలో విద్యా, సంరక్షణ కేంద్రాలలో పనిచేసేవారికి వేరుగా ఒక ప్రథమ చికిత్స యూనిట్ ఉంది. అందులో అభ్యర్థి పెద్దల బొమ్మ మీద, పిల్లల బొమ్మ మీద, శిశువు బొమ్మ మీద విడివిడిగా, ఒక్కొక్క దాని మీద కనీసం 2 నిమిషాలు ఆగకుండా సీపీఆర్ చేసి చూపాలి. పెద్దల బొమ్మ నేల మీద ఉండాలి, శిశువు బొమ్మ గట్టి ఉపరితలం మీద ఉండాలి అనేంత వరకు నిబంధన రాశారు. మోకాళ్ల మీద కూర్చోలేని అభ్యర్థి బల్ల మీద బొమ్మతో గట్టెక్కకూడదన్నదే ఆ నేల నియమంలోని కఠినమైన నిజాయతీ. ఇంగ్లండులో శిశు సంరక్షణ కేంద్రం తెరిచి ఉన్నంతసేపూ, పిల్లలను బయటికి తీసుకెళ్లినప్పుడు కూడా, చెల్లుబాటులో ఉన్న సంపూర్ణ శిశు ప్రథమ చికిత్స సర్టిఫికెట్ గల వ్యక్తి కనీసం ఒకరు ఉండాలి. ఆ సర్టిఫికెట్‌ను మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఎవరెవరికి ఉన్నదో ఆ జాబితాను తల్లిదండ్రులకు కనిపించేలా ఉంచడమో, అడిగితే చూపడమో చేయాలి. ఆ దేశాల వేతనాలు, సిబ్బంది సంఖ్య మనకు లేవు. అయితే వారి నియమాలలోని ముఖ్యమైన భాగానికి డబ్బుతో పని లేదు: ఏ బొమ్మ మీద, ఎంతసేపు, ఎవరి ముందు చేయాలో స్పష్టంగా రాయడం.

బొమ్మల ఖర్చు గురించి ఒక మాట. ప్రపంచమంతా సీపీఆర్ నేర్చుకున్న తొలి బొమ్మను 1960లో తయారుచేసినవాడు నార్వేకు చెందిన అస్మండ్ లేర్డాల్. ఆయన వృత్తి పిల్లల ఆటబొమ్మలు చేయడం. నాటి నుంచి ఆ బొమ్మలు లోతును, వేగాన్ని కొలిచి దీపం వెలిగించే స్థాయికి ఎదిగాయి, ధర కూడా దానికి తగ్గట్టే పెరిగింది. ప్రతి అంగన్‌వాడీకి ఒకటి కొనడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. పర్యవేక్షకురాలి కింద ఉండే కేంద్రాలన్నిటి టీచర్లు నెలనెలా కలిసే సెక్టార్ సమావేశం ఇప్పటికే ఉంది. ఒక సెక్టారుకు ఒక శిశువు బొమ్మ, ఒక పిల్లల బొమ్మ చాలు. సమావేశాలలో రిజిస్టర్ల లెక్కలకు పోయే సమయంలో పావుగంట చేతులకు ఇవ్వగలిగితే అదే శిక్షణ, అదే మూల్యాంకనం. సీపీఆర్ నైపుణ్యం నేర్చుకున్న కొన్ని నెలలకే తరిగిపోవడం మొదలవుతుందని పరిశోధనలు పదేపదే చూపాయి కాబట్టి, మూడేళ్లకోసారి జరిగే పెద్ద పరీక్ష కంటే మూడు నెలలకోసారి జరిగే చిన్న అభ్యాసమే బిడ్డకు ఎక్కువ మేలు చేస్తుంది. పెద్ద పరీక్ష వద్దని కాదు, దాని మీదే అంతా వదిలేయకూడదని.

పరీక్షించవలసినవారు ఎవరన్నది ఈ ఉపన్యాసం మొదట్లో చెప్పిన మెట్రిక్యులేషన్ విషయంతో ముడిపడిన ప్రశ్న. 2018లో ఏర్పడిన జాతీయ వృత్తి విద్యా శిక్షణ మండలి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలను, మూల్యాంకనం చేసే సంస్థలను వేర్వేరుగా గుర్తించే ఏర్పాటు చేసింది. అయితే రెండు పనులూ చేసే సంస్థలకు కూడా చోటిచ్చింది. శిక్షణకు రుసుము తీసుకున్న సంస్థే ఉత్తీర్ణతను నిర్ణయించే చోట, అభ్యర్థిని విఫలం చేయడమంటే తన శిక్షణే విఫలమైందని ఒప్పుకోవడం; ఏ వ్యాపారమూ దానిని ఇష్టంగా చేయదు. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ బోధకులు, 108 అంబులెన్సులలో పనిచేసే అత్యవసర వైద్య సిబ్బంది, బస్తీ దవాఖానాల నర్సులు ఈ ప్రాంతంలో ఉన్నారు. 108 సేవ 2005లో పుట్టినదే హైదరాబాదులో. ఒక సెక్టారులో నేర్పినవారు మరొక సెక్టారులో పరీక్షించేలా మార్చుకుంటే కొత్త సంస్థ ఏదీ పుట్టనక్కరలేదు. పరీక్ష అభ్యర్థి మాట్లాడే భాషలో, తెలుగులోనో ఉర్దూలోనో హిందీలోనో, నోటితో, చేతితో జరగాలి. రాయడం రాదన్న కారణంతో చేయడం వచ్చిన ఆయాను తప్పించడం ప్రమాణం అనిపించుకోదు, అది అన్యాయం మాత్రమే.

ఇక్కడ తరచుగా మరిచిపోయే సంగతి ఒకటుంది. పరీక్షలో అభ్యర్థి ఒంటరిగా, నిశ్శబ్దమైన గదిలో, ఒక బొమ్మ ముందు ఉంటుంది. నిజమైన కేంద్రంలో ఆపదలో ఉన్న బిడ్డ ఒకరైతే, చుట్టూ బెదిరి ఏడుస్తున్న పిల్లలు పంతొమ్మిది మంది ఉంటారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉంటుంది, తలుపు వీధిలోకి తెరిచి ఉంటుంది. టీచరు బిడ్డకు చికిత్స చేస్తున్నప్పుడు ఆయా ఏమి చేయాలి? 108కు ఎవరు ఫోను చేయాలి, దిల్‌సుఖ్‌నగర్ సందులలో అంబులెన్సు వచ్చే మలుపు ఎలా చెప్పాలి, మిగిలిన పిల్లలను ఏ గదిలోకి తీసుకెళ్లాలి, పొయ్యి ఎవరు ఆర్పాలి, తల్లికి ఏ మాటలతో చెప్పాలి, ఏ పుస్తకంలో ఏమి జరిగిందో ఏ సమయంతో రాయాలి? మెదడు ప్రాణవాయువు లేకుండా నాలుగైదు నిమిషాలకు మించి తట్టుకోలేదు, ఎల్బీనగర్ కూడలి రద్దీలో అంబులెన్సుకు అంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి ఆ నిమిషాలు పూర్తిగా ఇద్దరు స్త్రీల పరస్పర అవగాహన మీద ఆధారపడతాయి. టీచరును, ఆయాను జంటగా, వారి కేంద్రంలోనే పరీక్షించడం అందుకే మంచిది. ఇద్దరిలో ఆయాను పక్కన నిలబెట్టి టీచరుకు మాత్రమే సర్టిఫికెట్ ఇచ్చే ఆచారం మానుకోవాలి. బిడ్డకు అన్నం తినిపించే చేయి చాలాచోట్ల ఆయాదే.

ఈ ప్రతిపాదనలకు బలమైన అభ్యంతరం ఒకటుంది, దానిని దాటవేయడం తగదు. అంగన్‌వాడీ ఉద్యోగులు గౌరవ వేతనం మీద పనిచేస్తూ, సర్వేలు, యాప్‌లలో నమోదులు, ఎన్నికల పనుల బరువు మోస్తూ, 2023 సెప్టెంబరులో తెలంగాణ అంతటా సమ్మెకు దిగినవారు. అపార్టుమెంటు డే కేర్‌లోని ఆయాకు ఆ మాత్రపు సంఘబలం కూడా లేదు. అలాంటి స్త్రీ నెత్తిన మరొక పరీక్ష పెట్టి, తప్పితే ఉద్యోగం పోతుందని బెదిరించడం ప్రమాణాల పేరిట జరిగే పెత్తనమే. ఈ అభ్యంతరం సరైనది. దాని నుంచి రావలసిన నిర్ణయం పరీక్ష వద్దని కాదు, పరీక్ష ఖర్చూ సమయమూ యజమానివే కావాలని. అంగన్‌వాడీ ఉద్యోగులకు గ్రాట్యుటీ హక్కు ఉన్నదని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వారి పని ఉద్యోగమే అయితే ఆ ఉద్యోగానికి కావలసిన నైపుణ్యాన్ని జీతమిచ్చే పనివేళలలో నేర్పి, పనివేళలలోనే పరీక్షించాలి. మొదటిసారి నెగ్గనివారికి అదే వారంలో మళ్లీ నేర్పి మళ్లీ అవకాశమివ్వాలి. ఒక బోధకుడి దగ్గర నేర్చుకున్నవారిలో ఎక్కువమంది నెగ్గకపోతే విచారణ ఆ బోధకుడి మీద జరగాలి.

చట్టం మారేదాకా ఆగనవసరం లేని పని ఒకటి తల్లిదండ్రుల చేతిలో ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో గాని, ఎల్బీనగర్‌లో గాని, మరే ఊళ్లో గాని బిడ్డను ప్లే స్కూలులోనో డే కేర్‌లోనో చేర్చే రోజున ఫీజు, బస్సు, ఏసీ గదుల గురించి అడిగే ప్రశ్నలతో పాటు నాలుగు ప్రశ్నలు అడగాలి: ఇక్కడి సిబ్బందిలో శిశు ప్రథమ చికిత్స పరీక్ష నెగ్గినవారు ఎవరు, ఆ పరీక్ష ఎప్పుడు జరిగింది, శిశువు బొమ్మ మీద చేసి చూపారా, పరీక్షించినవారు బయటివారేనా. జవాబు లేని చోట బిడ్డను చేర్చక తప్పని పరిస్థితి చాలామందికి ఉంటుంది. అయినా ప్రశ్న అడిగి, జవాబును రాతపూర్వకంగా కోరి, మరుసటి నెలలో మళ్లీ అడగాలని ఈ సభ తరఫున వారికి విజ్ఞప్తి.